ఫోనులో చెప్పడానికి రోజుకొకటి: మనవలకు దూరంగా ఉండాల్సి వచ్చినప్పుడు

నా స్నేహితురాలికి కీమోథెరపీ మొదలైంది. రక్తంలో తెల్లకణాలు తగ్గే రోజుల్లో జలుబూ దగ్గూ ఉన్న పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారట. బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో జలుబు లేని వారం ఏముంటుంది? "కోవిడ్ అప్పుడు అన్నాళ్లు పిల్లల్ని చూడకుండా ఎలా ఉండగలిగావే? నాకూ చెప్పు" అని అడిగింది. ఫోనులో చెప్పింది చాల్లేదనిపించి కూర్చుని రాస్తున్నాను. ఆమెలాగే ఏదో ఒక కారణంతో మనవలకు దూరంగా ఉన్న అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతయ్యలు ఇంకా ఉంటారు కదా, వాళ్లకూ పనికొస్తుంది.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాను. ట్రంకు కాల్ బుక్ చేసుకుని గంటలకొద్దీ కాచుకునే రోజులవి. మాటలకు మూడు నిమిషాల లెక్క. లైను కలిసిందో లేదో చూసుకునేటప్పుడు మొదటి రెండు ముక్కలు మా చెవిన పడేవి. "ఏంటి విశేషాలు?" "ఏముంటాయి, మామూలే. మీవైపు?" "ఇక్కడా మామూలే." పొద్దుటి నుంచి ఆ గొంతు కోసం కాచుకున్నవాళ్లే అలా మాట్లాడుకునేవారు. ప్రేమ లేక కాదు, చేతిలో చెప్పుకోవడానికి ఏమీ లేక. ఇంకొకరు లైను కలవగానే "పాపకు పన్నొచ్చింది!" అనేవారు. వాళ్లకు ఆ మూడు నిమిషాలు ఏమూలకూ చాలేవి కావు.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించింది. పెద్దవాళ్లకే ముప్పు ఎక్కువని అప్పటికే తెలిసిపోయింది. కూతురు కుటుంబం ఒక చోట, కొడుకు కుటుంబం ఇంకో చోట, నేనొక్కదాన్నే ఇక్కడ. మధ్యలో ఫోను. ఆ పాత లైన్లలోని మాటలు గుర్తొచ్చి ఒక నియమం పెట్టుకున్నాను: సాయంత్రం పిల్లలతో మాట్లాడేలోపు వాళ్లకు చెప్పదగ్గది ఒకటి నా రోజులో జరిగి తీరాలి. పిల్లల ఫోను కోసం కాచుకోవడమే రోజంతా పనిగా పెట్టుకుంటే ఆ ఫోను వచ్చినా మనసు నిండదు. మన రోజులో మనకంటూ ఒక సంతోషం ఉంటే అది మనకూ మిగులుతుంది, పిల్లలకూ అందుతుంది. కింద రాసిందంతా ఆ ఒక్కటీ ఎలా సంపాదించాలి, ఎలా అందించాలి అన్నదే.

రోజూ మారేదాన్ని ఒకటి పట్టుకోండి

ఇంట్లోంచి కదలకుండానే కనిపించేది, రోజురోజుకూ మారేది ఒకటి ఎంచుకోండి. మొలకెత్తుతున్న గింజ కావచ్చు, కిటికీలోంచి కనిపించే చెట్టుకొమ్మ కావచ్చు, గోడ మీద ఎండ పడే చోటు కావచ్చు. నాకు పావురాలు దొరికాయి. కిటికీ బయటి గట్టు మీద ఒక జంట నాలుగు పుల్లలు పడేసి దాన్నే గూడు అనుకుంది. ఆ పుల్లల మధ్య ఒక గుడ్డు, తర్వాత ఇంకొకటి. పావురం మామూలుగా రెండే పెడుతుంది. పదిహేడు పద్దెనిమిది రోజులు పొదుగుతుంది, అదీ ఇద్దరూ కలిసి: పగటిపూట ఎక్కువసేపు మగది, సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఆడది. పొద్దెక్కాక ఒకటి వచ్చి పక్కన నిలబడుతుంది, కూర్చున్నది లేచి చోటిస్తుంది. నా కూతురి కూతురికి అప్పుడు ఏడేళ్లు. ఫోను ఎత్తగానే నన్ను కాదు, వాటినే అడిగేది: "డ్యూటీ మారిందా అమ్మమ్మా?"

పిల్లలు బయటికొచ్చాక కథ ఇంకా రక్తి కట్టింది. పసుపుపచ్చటి నూగుతో, మూసుకున్న కళ్లతో ఉంటాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ తమ గొంతుసంచిలో తయారయ్యే పాలలాంటి ముద్దను నోటికందిస్తారు. తండ్రి కూడా పాలిస్తాడని చెబితే మా చిన్నది వాళ్ల నాన్న దగ్గరికి పరుగెత్తింది. దాదాపు నెల దాటాక గానీ ఎగరవు. అంటే ఒక్క గూడుతో నెలన్నర పైన కబుర్లు. ప్రతి రోజూ కొత్తది, రేపు ఏమవుతుందో నాకూ తెలియదు. ఆ రేపటి మీద ఆశే ఆ రోజుల్లో నన్ను పొద్దున్నే లేపింది.

ఒక జాగ్రత్త. పావురం రెట్టల ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, పెద్దవాళ్లకూ కీమోథెరపీలో ఉన్నవాళ్లకూ అసలే కాదు. కిటికీ మూసి అద్దంలోంచే చూడండి. గట్టు కడగడం వేరేవాళ్లతో చేయించుకోండి. నా స్నేహితురాలికైతే పావురాలు వద్దనే చెప్పాను. ఆమె ఎదురింటి మేడ మీద ఆరేసే బట్టల్ని పట్టుకుంది. ఏ రోజు ఏ రంగు బట్టలు ఎక్కువ వస్తాయో మనవడు ముందురోజే పందెం కాయాలి. అదీ బాగానే సాగుతోందట.

చూసింది చూసినట్టు రెండు మూడు మాటల్లో రాసి ఫోను పక్కన పెట్టుకోండి. మాటల్లో పడితే అసలు విషయం మరిచిపోతాం. రాసేటప్పుడు "పావురం బాగుంది" అని కాకుండా "ఎడమ కాలు పైకి పెట్టుకుని నిద్రపోయింది" అని రాయండి. పిల్లలు అడిగేది అలాంటివే.

వార్తలు రోజుకొక్కసారి, పొద్దున చూసి కట్టేయండి. మరణాల లెక్కలు చూసి అదే గంటలో పిల్లలకు ఫోను చేస్తే ఎంత నవ్వుతూ మాట్లాడినా గొంతులో తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి ముఖాలు కనిపించని గొంతులు విన్నదాన్ని, ఈ సంగతి నాకు బాగా తెలుసు.

ఫోను పెట్టుకునే తీరు

ఫోను చేత్తో పట్టుకోవద్దు. చెయ్యి వణుకుతుంది, అవతల బొమ్మ ఊగుతుంది, పిల్లలకు చిరాకు. నాలుగు పుస్తకాలు పేర్చి వాటికి ఆనించి, కెమెరా మీ కళ్లకు సమానమైన ఎత్తులో పెట్టండి. కిటికీ వెలుతురు మీ ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. వెనక వెలుతురుంటే పిల్లలకు మీరు నల్లటి నీడలా కనిపిస్తారు.

తెర మీద మనవరాలి ముఖం చూస్తూ మాట్లాడితే ఆ పిల్లకు మీ కళ్లు కిందికి దించుకున్నట్టు కనిపిస్తాయి. ఆమెకు మీరు ఆమెనే చూస్తున్నట్టు అనిపించాలంటే కెమెరాను చూడాలి. కష్టమే, ముఖం చూడాలన్న ఆశ ఉంటుంది కదా. అందుకని ఆమె మాట్లాడేటప్పుడు తెర చూస్తాను, నేను మాట్లాడేటప్పుడు కెమెరా చూస్తాను. కెమెరా పక్కన చిన్న ఎర్ర బొట్టుబిళ్ల అంటించుకున్నాను, కన్ను అక్కడికే పోతుంది.

వినికిడి తగ్గినవాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. మాట అవతలికి చేరడానికి ఒక్క క్షణం పడుతుంది కాబట్టి అడిగాక ఆగండి. పిల్లలు జవాబు ఇవ్వలేదనుకుని మనం ఇంకో ప్రశ్న వేస్తే రెండు మాటలూ ఢీకొంటాయి. మేం ఎక్స్ఛేంజిలో మొదట నేర్చుకున్నది ఈ ఆగడమే.

2020 ఏప్రిల్ చివర్లో వాట్సాప్ వీడియో కాల్‌లో నలుగురికి బదులు ఎనిమిది మంది కలిసే వీలు వచ్చింది. మా వాళ్లంతా సంబరపడ్డారు. పుట్టినరోజులకు అది బాగుంటుంది. రోజువారీ మాటలకు మాత్రం ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటమే నయం. అందరూ కలిస్తే గట్టిగా మాట్లాడేవాళ్లే మాట్లాడతారు, నెమ్మదస్తులైన పిల్లలు తెర మీద ఒక మూలన ఉండిపోతారు.

రోజూ ఒకే వేళ పెట్టుకోండి. పిల్లలు విసుగెత్తి జారుకునేదాకా లాగకండి. వాళ్లకు ఇంకా కావాలనిపిస్తుండగానే "మిగతాది రేపు" అని మీరే ఫోను పెట్టేయండి. మొదట్లో మనసొప్పదు. కానీ మర్నాడు వాళ్లంతట వాళ్లే ఫోను చేస్తే ఉండే ఆనందం వేరు.

ఏ వయసు వాళ్లతో ఏం చేయాలి

కూతురి కొడుకు అప్పటికి నెలల పిల్లాడు. చంటిపిల్లలకు తెరలు చూపించవద్దంటారు కదా అని మా అమ్మాయి సందేహించింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఏడాదిన్నర లోపు పిల్లలకు తెరలు వద్దంటూనే వీడియోలో మాట్లాడటాన్ని మాత్రం మినహాయించింది. ఎందుకంటే అది బొమ్మల సినిమా కాదు, పిల్లాడు నవ్వితే అవతలి మనిషి తిరిగి నవ్వుతుంది. చంటిపిల్లలకు ప్రతిసారీ ఒకే మొదలు ఉండాలి. నేను రెండు అరచేతులతో ముఖం మూసుకుని, తెరిచి, నాలుక టకటకలాడించేదాన్ని. రోజూ అదే, అదే వరసలో. ఆ తర్వాత దోబూచులు. ఇందులో అవతలున్న అమ్మ సాయం కావాలి: నేను నా వేలు ముక్కు దగ్గరికి తీసుకొస్తే మా అమ్మాయి వాడి ముక్కు ముట్టుకునేది. నా చెయ్యి చేరని చోట ఆమె చెయ్యి పని చేసింది. నాలుగైదు నిమిషాలు చాలు. వాడు ఫోను నాకడం మొదలెట్టాడంటే ఆనాటికి అయిపోయినట్టే.

ఏడేళ్ల పిల్లకు ఆటలు కావాలి. మేం కనిపెట్టిన వాటిలో అన్నిటికంటే మంచిది ఇది: ఆమె మా ఇంట్లో ఎక్కడో దాక్కున్నట్టు మనసులో అనుకోవాలి, నేను ఫోను పట్టుకుని గది గది తిరుగుతూ వెతకాలి. "బీరువా వెనకా?" "కాదు." "మంచం కిందా?" "కాదు, చలిగా ఉంది." దగ్గరికొస్తే "వెచ్చగా ఉంది" అంటుంది. కుట్టుమిషను సొరుగులో, తాతయ్య ఫొటో వెనక, చెప్పుల అరలో, ఎక్కడెక్కడో దాక్కుంది. ఈ ఆట ఆడుతుంటే నా ఇల్లు ఆ పిల్లకు మూలమూలా గుర్తుందని తెలిసింది. నేను మరిచిపోయిన కిటికీ రెక్క మీది గీతలు కూడా చెప్పింది. ఆమె లేని ఇంట్లో ఆమె ప్రతి చోటా దాక్కుని ఉన్నట్టుండేది నాకు. నాలుగు గదులూ తిరగడం వల్ల కాళ్లకూ మంచిదే.

కథ చదివి వినిపించేటప్పుడు పూర్తి చేయకండి. తలుపు తట్టిన చప్పుడు దగ్గర ఆపండి, తలుపు తీసింది ఎవరో రేపు. వేళలు కుదరని రోజు కోసం కథను రికార్డు చేసి పంపండి. వాళ్లు పడుకునేటప్పుడు పెట్టుకుంటారు. రికార్డు చేసేటప్పుడు పిల్ల పేరు మధ్యమధ్య పిలవండి, అది కథకులు చదివిన కథ కాకుండా అమ్మమ్మ చెప్పిన కథ అవుతుంది. ఉత్తరాలు కూడా రాయండి. ఉత్తరంలో ఒకే ఒక్క ప్రశ్న ఉండాలి, దానికి జవాబు బొమ్మ గీసి పంపేలా ఉండాలి. "మీ ఇంట్లో అన్నిటికంటే చిన్న వస్తువు ఏది?" అన్న ప్రశ్నకు నాకొచ్చిన బొమ్మను అద్దం పక్కన పెట్టుకున్నాను: తమ్ముడి చిటికెనవేలి గోరు.

నా కొడుకు కొడుకు పదిహేనేళ్లవాడు. ఈ వయసు వాళ్లే ఆ కాలంలో ఎక్కువ నలిగిపోయారని నా అభిప్రాయం. 2020 వసంతంలో ప్రపంచమంతటా 150 కోట్లకు పైగా విద్యార్థులకు బడులు మూతపడ్డాయి. వీడికి స్నేహితులు లేరు, ఆటల్లేవు, రోజంతా తెర ముందే. అలాంటివాణ్ణి మళ్లీ తెర ముందు కూర్చోబెట్టి "చదువెలా ఉంది?" అని అడగడం న్యాయం కాదు. చదరంగం మొదలుపెట్టాం. రోజుకొక్క ఎత్తు, మెసేజీలో. నా దగ్గర నా బల్ల, వాడి దగ్గర వాడి బల్ల. రాజు ముందున్న బంటు రెండు గళ్లు ముందుకు అని పొద్దున పంపితే ఏ రాత్రికో జవాబొచ్చేది. ఒక ఆట వారాల తరబడి నడిచేది. ఎత్తు కింద ఒక్కోసారి ఒక్క వాక్యం ఉండేది: "ఇవాళ ఏం బాగోలేదు నాయనమ్మా." దానికి నేను సలహా ఇవ్వలేదు. "వింటాను, చెప్పాలనిపిస్తే రాత్రి ఎప్పుడైనా ఫోను చెయ్" అని రాసి, నా గుర్రాన్ని కదిపాను. చేసేవాడు కూడా, బొమ్మ లేకుండా గొంతు మాత్రమే. ఆ వయసు వాళ్లకు ముఖం కనిపించకపోతేనే మాట వస్తుంది. వీడియో చేయమని పట్టుబట్టకండి.

వాళ్ల దగ్గర ఏదైనా నేర్చుకోండి కూడా. ఫొటోలు సర్దడం, రికార్డు చేసిన కథను పంపడం నాకు వాడే నేర్పాడు. ఇంట్లో అందరూ వాడికి చెప్పేవాళ్లే అయిన రోజుల్లో, వాడు చెబితే వినే మనిషి ఒకరుండటం వాడికి అవసరం.

ఒకే ఆకాశం కింద

దూరంగా ఉన్నవాళ్లు కలిసి చూడగలిగేది ఆకాశమే. 2020 డిసెంబరు 21న గురుడు, శని పక్కపక్కకు వచ్చాయి. వాటి మధ్య కనిపించిన ఎడం డిగ్రీలో పదో వంతే, నిండు చంద్రుడి వెడల్పులో ఐదో వంతు. 1623 తర్వాత అంత దగ్గరగా రావడం అదే మొదలు. పొద్దుగుంకాక పడమటి వైపు కాసేపే కనిపించాయి. నేను డాబా మీద నుంచి చూశాను, ఆ తర్వాత మనవరాలికి సాయంత్రమయ్యాక ఆమె చూసింది. ఫోనులో ఇద్దరం గీసిన బొమ్మలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. నాకు ఒకటే చుక్కలా అనిపించిన చోట దాని చిన్న కళ్లకు రెండూ విడివిడిగా కనిపించాయి.

అలాంటి రోజు కోసం కాచుకోనక్కర్లేదు, చంద్రుడు ఉన్నాడు. నెలవంక రోజు నుంచి పున్నమి దాకా రోజూ చూసి కాగితం మీద గుండ్రాలు గీసుకోండి. ఒక రోజున చంద్రుడు ఎంత నిండాడో ప్రపంచంలో ఎక్కడి నుంచి చూసినా దాదాపు అంతే కనిపిస్తాడు. పిల్లలు భూమధ్యరేఖకు అటువైపు ఉంటే మాత్రం వాళ్లకు తలకిందులుగా ఉంటాడు, అది వాళ్లకు మహా వింత. మబ్బు పట్టిన రోజున "మాకు కనిపించలేదు, మీకు కనిపించాడా?" అనేది కూడా ఒక కబురే.

ఫోను లేని గంటలు

ఒంటరిగా ఉండేవాళ్లు ఇరవైనాలుగు గంటలు నోరు విప్పకుండా గడిపేస్తారు, అది వాళ్లకే తెలియదు. సాయంత్రం మాట్లాడబోతే గొంతు బొంగురుపోతుంది. పొద్దున పది నిమిషాలు ఏదైనా పైకి చదవండి. నేను రాత్రి చెప్పబోయే కథనే చదివేదాన్ని, అదే సాధన, అదే తోడు.

నడక మానకండి. అరవై అయిదు దాటినవాళ్లు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడవడం లాంటిది చేయాలని, పడిపోకుండా వారంలో మూడు రోజులైనా నిలకడ పెంచే వ్యాయామం చేయాలని 2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. గదిలో అటూ ఇటూ నడిచినా నడకే. కుర్చీ వీపు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం నేర్చుకోండి. అనారోగ్యంతో ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగండి.

ఇంకొకటి. మీ వయసు స్నేహితురాలితో పొద్దుటి ఒప్పందం పెట్టుకోండి: లేవగానే రెండు రింగులిచ్చి పెట్టేయడం. ఎత్తనక్కర్లేదు. ఫలానా వేళ దాటినా రింగు రాకపోతే ఫోను చేసి కనుక్కోవాలి, ఎత్తకపోతే పొరుగింటివాళ్లను పంపాలి. మా ఇద్దరికీ పిల్లలు దూరంగా ఉన్నారు. ఈ రెండు రింగుల వల్ల వాళ్లకు ఎంత నిశ్చింతో వాళ్లే చెప్పారు.

మనసు నిలవని రోజు

ఇన్ని చేసినా పిల్లల్ని ఎత్తుకోవడానికి ఏదీ సాటి రాదు. మా దగ్గరి బంధువు అంత్యక్రియలను ఫోను తెర మీదే చూశాం. ఆ వారం నేను పావురాల వైపు చూడలేదు. అలాంటప్పుడు దుఃఖాన్ని పెద్దవాళ్ల దగ్గర చెప్పుకోండి. నేను కూతురికి "ఇవాళ నాకు చేతకావడం లేదమ్మా" అని చెప్పాను. పిల్లలకు "ఇవాళ అమ్మమ్మకు దిగులుగా ఉంది, మీరు చెప్పండి, నేను వింటాను" అన్నాను. పిల్లలకు అది అర్థమవుతుంది. ఏమీ లేనట్టు నటిస్తేనే వాళ్లకు భయం.

"ఎప్పుడొస్తావు?" అన్నప్పుడు తేదీ చెప్పకండి. తప్పిందంటే పిల్ల మనసు విరుగుతుంది. వచ్చాక ఏం చేస్తామో చెప్పండి, అది కూడా చిన్నదిగా: "రాగానే నువ్వు నిజంగా కుట్టుమిషను వెనక దాక్కో, నేను నిజంగా వెతుకుతాను."

మళ్లీ కలిసే రోజు

2020 డిసెంబరు నుంచి టీకాలు మొదలై చాలా దేశాల్లో ముందు వయసు మళ్లినవాళ్లకు ఇచ్చారు. నా వంతు అయ్యాకే కూతురింటికి వెళ్లగలిగాను. చంటివాడు అప్పటికి నడుస్తున్నాడు. నా గొంతు వినగానే తల తిప్పాడు, కానీ తెర మీద అరచేయంత ఉండే అమ్మమ్మ ఇంత పెద్ద మనిషిగా గుమ్మంలో నిలబడేసరికి తల్లి కాళ్ల వెనక్కి పోయాడు. దీనికి నొచ్చుకోకండి, చేతులు చాచి మీద పడకండి. నేను నేల మీద కూర్చుని, వాడి వైపు చూడకుండా, రోజూ చేసిందే చేశాను: అరచేతులతో ముఖం మూసుకుని, తెరిచి, నాలుక టకటకలాడించాను. వాడు రావడానికి పట్టినంతసేపు పట్టనివ్వాలి.

నా స్నేహితురాలు చికిత్స ముగిశాక కూడా కొన్నాళ్లు మాస్కు పెట్టుకోవాల్సి రావచ్చు. చంటిపిల్లలు సగం ముఖాన్ని గుర్తుపట్టకపోవచ్చు, బెదరవచ్చు. అందుకని కలవడానికి వారం ముందు నుంచే ఫోనులో మాస్కుతో కనిపించండి. ముందు మాస్కు లేకుండా మాట్లాడి, వాళ్లు చూస్తుండగానే పెట్టుకుని, మళ్లీ తీయండి. దోబూచుల్లో ఒక భాగం చేసేయండి. జుట్టు రాలిపోయి ఉంటే తలగుడ్డ సంగతి కూడా అంతే, ముందే చూపించండి, పెద్ద పిల్లలకు కారణం చెప్పండి. ఏ రంగు గుడ్డ కట్టుకుని రావాలో వాళ్లనే ఎంచమనండి.